మా తోటలో పడని రాకెట్టు

నేను కంపెనీకి రాసిన మొదటి ఉత్తరానికి జవాబు రాలేదు. రెండోదానికీ రాలేదు. మూడోది రాజోలు పోస్టాఫీసులో రిజిస్టరు చేయించి పంపాను. ముట్టినట్టు కార్డు తిరిగి వచ్చింది. సంతకం ఉండాల్సిన చోట వానపాము పాకినట్టు ఒక గీత ఉంది. ఆ గీత ఎవరిదని అడుగుతూ నాలుగో ఉత్తరం రాశాను. దానికీ అతీగతీ లేదు. ఇన్నేళ్ళలో నన్ను పట్టించుకోని వాళ్ళందరి గురించీ రాయాలంటే కాగితాలు చాలవు కాబట్టి, జరిగింది మాత్రం రాస్తాను. మా తోటలో తూర్పు గట్టు పక్కన ఉన్న కొబ్బరి చెట్టు మొవ్వులో, కమ్మల నడుమ, ఒక రాకెట్టు ఉంది. అది అక్కడ పడలేదని కంపెనీ అంటుంది. పడింది. పడుతుండగా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మాది సఖినేటిపల్లి రేవుకీ మలికిపురానికీ మధ్య ఊరు. పెద్ద తుఫానులో తోటలు పడిపోయాక సముద్రం వైపు ఇసుక నేలలు కొన్నేళ్ళు బోసిగా ఉండిపోయాయి. తొంభైల చివర్లో ఒక ప్రైవేటు కంపెనీ వచ్చి ఆ ఇసుకలో రేకుల షెడ్డు వేసింది. అంతరిక్షంలోకి వెళ్ళే రాకెట్లు తయారుచేస్తారట. ముందు చిన్నది వదిలి చూస్తారట, అది బాగా వెళ్తే ఇంకొంచెం పెద్దది, అలా అలా చంద్రుడి దాకా. మావాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. రొయ్యల చెరువులంటూ వచ్చినవాళ్ళని చూశాం, గ్యాసంటూ నేల తవ్వినవాళ్ళని చూశాం, వీళ్ళనీ చూద్దాం అనుకున్నారు.

ఊళ్ళో పనులు చక్కబెట్టడానికి కంపెనీకి ఒక మనిషి కావలసి వచ్చింది. మా ఆవిడ తమ్ముడు ఆ మనిషయ్యాడు. మెడలో తాడు, తాడుకి కార్డు, కార్డు మీద ఫొటో. స్నానానికి వెళ్ళినప్పుడు కూడా తీసేవాడు కాదని వాళ్ళింట్లో వాళ్ళే చెప్పారు. అతని తోటా మా తోటా పక్కపక్కనే, మధ్యన ఒక్క తూర్పు గట్టే. మా బావమరిది సంగతి నాకు ముందు నుంచీ తెలుసు. అతని గృహప్రవేశానికి వెళ్తే నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టాడు. అక్క మొగుణ్ణి ఎవరైనా రెండో బంతిలో కూర్చోబెడతారా? మా దాకా వచ్చేసరికి ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు అయిపోయాయి. పొడి మాత్రం మిగిలిన ఆ పళ్ళెం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

రాకెట్టు వదిలే ముందురోజు పిలుపులు జరిగాయి. మా వైపు పిలుపంటే మనిషి గుమ్మంలోకి రావాలి, కూర్చోవాలి, మంచినీళ్ళు పుచ్చుకోవాలి, ఇంటి యజమాని మొహం చూసి “తప్పకుండా రావాలండి” అనాలి. మా బావమరిది ఊరంతా అలాగే ఇంటింటికీ వెళ్ళి పిలిచాడు. మా ఇంటికి వచ్చేసరికి స్కూటరు దిగలేదు. ఇంజను కూడా ఆపలేదు. నేను నూతి దగ్గర ఒంటికి సబ్బు రాసుకుంటున్నాను. వీధి వైపు నుంచి మాటలు వినబడ్డాయి.

“అక్కా, రేపు పొద్దున్న రాకెట్టు. బావగారిని వచ్చెయ్యమను.”

“ఆయన నూతి దగ్గరున్నార్రా. నువ్వే ఓ మాట చెప్పెళ్ళు.”

“ఇంకా బోలెడిళ్ళు తిరగాలే. బావగారేమన్నా పరాయివారేంటి?”

స్కూటరు వెళ్ళిపోయింది. సబ్బు నా ఒంటి మీదే ఆరిపోయింది.

“పరాయివాళ్ళని కూర్చుని పిలిచేడు. నన్ను స్కూటరు మీంచి పిలిచేడు,” అన్నాను మా ఆవిడతో.

“అయితే మీరూ పరాయివాళ్ళయిపోండి, కూర్చుని పిలుస్తాడు,” అంది ఆవిడ.

మర్నాడు ఊరు ఊరంతా సముద్రం ఒడ్డుకి పోయింది. మా ఆవిడ కూడా ఫ్లాస్కులో కాఫీ పోసుకుని వెళ్ళింది. ఒడ్డున షామియానా వేశారు, కుర్చీలన్నీ సముద్రం వైపు తిప్పారు. నేను వెళ్ళలేదు. పిలుపు లేని చోటికి నేను వెళ్ళను. మా తోటలో తూర్పు గట్టు మీద కూర్చుని కమ్మల ఈనెలు చీరుతున్నాను.

ఆకాశం నిండా మబ్బు. పెద్ద చప్పుడైంది, చెట్ల మీది కాకులన్నీ లేచాయి. కొబ్బరి తలకాయల పైనుంచి తెల్లటి పొగ ఒకటి పైకి పోయి మబ్బులో దూరింది. దూరం నుంచి చప్పట్లు వినిపించాయి. అక్కడితో ఊరివాళ్ళు చూడవలసింది అయిపోయింది. నేను ఇంకా పైకే చూస్తున్నాను, వేరే పని లేక. కాసేపటికి మబ్బు కింది నుంచి, సముద్రం వైపు కాదు, మా వైపు, ఎర్రటి గొడుగులాంటి గుడ్డకి వేలాడుతూ ఆ వస్తువు దిగింది. సన్నపాటి కొబ్బరి మానంత లావు, మనిషి మీద మనిషి నిలబడినంత పొడవు, ఒంటి మీద కంపెనీ షెడ్డు మీద ఉన్నలాంటి అక్షరాలే. అటూ ఇటూ ఊగుతూ, తొందర లేనట్టు వచ్చి, మా తూర్పు గట్టు చెట్టు మొవ్వులో గెలల మధ్య దిగబడింది. ఒక్క కాయ రాలలేదు. గుడ్డ కమ్మల మీద పరుచుకుంది. కట్టుకొయ్య దగ్గర మా గేదె కూడా తలెత్తి చూసింది, కానీ దాన్ని సాక్ష్యంలోకి లాగను.

అప్పుడు నేను చేయవలసింది ఏమిటో నాకు స్పష్టంగా తెలుసు. మా వైపు పద్ధతి ఒకటి ఉంది. పక్కవాళ్ళ చెట్టు మన వైపు వాలి, కాయ మన నేలలో పడిందనుకోండి. ఆ కాయ మనది కాదు, ముట్టుకోకూడదు. అలాగని మనం మోసుకెళ్ళి ఇవ్వం కూడా, ఇస్తే వాళ్ళ చెట్టు వాలిందని ఎత్తిపొడిచినట్టు ఉంటుంది. పడిన చోటే ఉంచుతాం. సొంతదారు వచ్చి, “మా కాయ మీ వైపు పడిందండి” అనాలి. “ఆయ్, తీసుకోండి” అని మనం అంటాం. ఈ రెండు మాటలూ జరిగేదాకా ఎండిపోయినా, మొలకెత్తినా ఆ కాయ అక్కడే ఉంటుంది. మా నాన్నగారి కాలంలో గట్టు పక్కన అలా మొలిచిన చెట్టొకటి ఉండేది. రెండు కుటుంబాలూ అడక్కుండా, ఇవ్వకుండా దానికి నీళ్ళు మాత్రం పోశాయి. కాబట్టి రాకెట్టుని ముట్టుకోలేదు. సొంతదారు వస్తాడని ఎదురు చూశాను.

వచ్చారు. అదే నా దురదృష్టం. మధ్యాహ్నానికి ముగ్గురు ఇంజనీర్లు మా తోటలోకి నడుచుకుంటూ వచ్చారు. వాళ్ళలో పొడుగాటాయన పెద్ద. ఒకాయన చేతిలో పెట్టె ఉంది, పెట్టెకి కమ్మీ ఉంది. రాకెట్టు ఎటుంటే అటు తిప్పినప్పుడు కూత పెడుతుందట. మా పెరట్లోకి రాగానే ఆ పెట్టె ఆపకుండా కూయడం మొదలెట్టింది. తూర్పు గట్టు వైపు తిప్పితే మరీ గట్టిగా కూసింది.

“ఉప్పుగాలికి పాడయింది,” అన్నాడు పొడుగాటాయన పెట్టెని అరచేత్తో కొడుతూ.

ముగ్గురి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. పొద్దుటి నుంచీ ఇసుకలో తిరుగుతున్నారట, పచ్చి మంచినీళ్ళు ముట్టలేదట. అలాంటివాళ్ళని నిలబెట్టి మాట్లాడే ఇల్లు కాదు మాది. “ముందు భోజనం చేయండి, తరవాత మాట్లాడుకుందాం,” అన్నాను. అప్పటికే తిరిగొచ్చిన మా ఆవిడ అరిటాకులు వేసింది. కంద బచ్చలి కూర, ముక్కల పులుసు, ఆవకాయ. పొడుగాటాయన కూర కలుపుకుని రెండో ముద్ద ఎత్తుతూ అడిగాడు.

“పెద్దాయనా, మీరు పొద్దున ఇక్కడే ఉన్నారు కదా. రాకెట్టు సీదా సముద్రంలోకి వెళ్ళిపోయింది. చూశారు కదా?”

ముద్ద అతని చేతిలో ఉంది. మిగతా ఇద్దరూ తినడం ఆపి నా వైపు చూస్తున్నారు. అన్నం తింటున్న మనిషితో కాదు, లేదు అని మా వైపు ఎవరూ అనరు. మెతుకు దిగదు. అతిథి విస్తరి ముందు నుంచి లేచిపోతే ఆ తప్పు ఇంటిది, జన్మంతా మోయాలి. పైగా రాకెట్టు చెట్టెక్కిందని చెబితే ఆయన పరుగెత్తుకుపోతాడు, పులుసు అలాగే ఉండిపోతుంది. పెరుగన్నం అయ్యాక, చెయ్యి కడుక్కున్నాక, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపిద్దామనుకున్నాను.

“ఆయ్, చూసేనండి. బాగా వెళ్ళిందండి,” అన్నాను. “పులుసు వేయించుకోండి.”

పక్కన కూర్చున్నాయన ఎడంచేత్తో జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. భోజనాల దగ్గర రాసుకునేవాణ్ణి నేను అప్పటిదాకా చూడలేదు, అందుకని అది ప్రమాదమని తెలియలేదు.

మజ్జిగ పోస్తుండగా బయట జీపు హారను మోగింది. జీపులోంచి మా బావమరిది దూకాడు.

“సార్, హైదరాబాదు నుంచి పెద్దసారు ఫోన్లో ఉన్నారండి. మలికిపురం ఎస్టీడీ బూతులో లైను పట్టుకుని మనిషిని కూర్చోబెట్టేనండి, తొందరగా రండి!”

ముగ్గురూ చేతులు సగం కడుక్కుని, తడి చేతులతోనే జీపెక్కారు. నేను వెనకాలే వెళ్ళి, “అయ్యా, ఒక్క మాటండి, చెట్టు మీద...” అంటున్నాను. పొడుగాటాయన జీపులోంచి చెయ్యూపాడు. “భోజనం అద్భుతం పెద్దాయనా!” అని అరిచాడు. కంపెనీ నాతో అన్న ఆఖరి మాట అదే.

పెట్టె మా అరుగు మీదే మర్చిపోయారు. అది కూస్తూనే ఉంది. మర్నాడు దానికోసం డ్రైవరు వచ్చాడు. పెట్టె వైపు చూశాడు, పెట్టె చూపిస్తున్న చెట్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

“పడిందాండీ?”

“పడింది.”

“ఆయ్. నేను డ్రైవర్నండి,” అని పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పది రోజులకి మా బావమరిది మళ్ళీ వచ్చాడు. ఈసారి స్కూటరు దిగాడు. కూర్చున్నాడు. రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాడు. మలికిపురంలో కంపెనీ సభ పెడుతోందని, తప్పకుండా రావాలని నా మొహం చూసి చెప్పాడు. పిలుపులో ఏ లోపమూ లేదు, వెళ్ళక తప్పలేదు. తీరా వెళ్తే నన్ను స్టేజీ మీదికి పిలిచారు. రాకెట్టు బంగాళాఖాతంలో అనుకున్న చోట అనుకున్నట్టు పడిందనీ, దానికి ప్రత్యక్ష సాక్షి నేననీ మైకులో చెప్పారు.

మైకు నా చేతికిచ్చారు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. “రాకెట్టు సముద్రంలో పడలేదండి. మా తోటలో కొబ్బరి చెట్టు మీద పడింది. ఇవాళ్టికీ అక్కడే ఉంది. సొంతదారులు వచ్చి అడిగి తీసుకెళ్ళాలని మనవి.”

 మా బావమరిది నా చేతిలోంచి మైకు మెల్లిగా తీసుకుని నవ్వాడు. “మా బావగారు సరదా మనిషండి.”

నన్ను సరదా మనిషి అన్నవాడు అంతకుముందు రెండు జిల్లాల్లో లేడు. అయినా జనం నవ్వి చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ మా బీరువాలో మడత విప్పకుండా ఉంది. నేను చెప్పిన అబద్ధానికి కప్పారో, నిజానికి కప్పారో తెలియనంతకాలం దాన్ని కప్పుకునే ప్రశ్నే లేదు.

మర్నాటి నుంచి జనం మా తోటకి రావడం మొదలుపెట్టారు. గట్టు మీద నిలబడి తలలెత్తి చూసేవారు. “ఆయ్, ఉందండి,” అనేవారు. “మరి పడ్డట్టే కదా,” అంటే, “పడలేదంటండి, పేపర్లో వేసేరు కదండీ,” అనేవారు. నా దగ్గర ఉన్నంతసేపూ ఉందన్న నా మాట నిజమనేవారు. గట్టు దిగి మా బావమరిది గుమ్మం ముందుకి వెళ్ళగానే అతని మాట నిజమయ్యేది. ఊళ్ళో ఎవరూ ఎవరినీ నొప్పించలేదు, నన్ను తప్ప.

చివరికి మా బావమరిదే వచ్చాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు పైకి చూశాడు. అప్పుడన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

“బావగారూ, నూతి దగ్గరున్నప్పుడు పిలిచేనని మీకు కోపం. నన్ను నాలుగు తిట్టండి, పడతాను. అంతేగానీ ఇంత కష్టపడి గొట్టం చేయించి చెట్టెక్కించుకుంటారేంటండీ?”

“దాని మీద మీ కంపెనీ పేరుందయ్యా!”

“పేరు రాయించడం ఎంతసేపండి? రాజోల్లో పెయింటర్లు లేరా?”

ఆ మాట ఊళ్ళో నిలిచిపోయింది. పిలుపు సరిగ్గా లేదన్న పంతంతో నేనే రాకెట్టు చేయించి చెట్టెక్కించానని. కోపం వస్తే నేను అంతపనీ చేయగలనని అందరూ నమ్మారు. నమ్మినవాళ్ళలో కొందరికి దాని మీద గౌరవం కూడా ఉందని తెలిసి ఇంకా బాధపడ్డాను.

మా పక్కవీధిలో రిటైరైన హెడ్మాస్టారు ఉండేవారు. ఇంగ్లీషు ఉత్తరాలన్నీ ఆయనే రాసిపెట్టారు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ, దూరాన్ని దగ్గరగా చూపించే అద్దాలు తెచ్చి చెట్టు మీదికి చూశారు. అక్షరాలు గట్టిగా చదివారు. కంపెనీ పేరే. నా ప్రాణం లేచొచ్చింది. సాక్షి సంతకం పెట్టమని కాగితం చాపాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

“మీరు అబద్ధమాడతారని నేననుకోనండి. కానీ అది పడటం నేను చూళ్ళేదు కదండీ. ఉండటం చూసేను. ఉండటం వరకూ సంతకం పెడతానండి.”

ఉండటం వరకూ పెట్టారు. ఆ కాగితం నకలు ప్రతి ఉత్తరంతోనూ పంపాను. రాకెట్టు ఉందని ఒక సాక్షి, పడిందని ఒక సాక్షి, సముద్రంలో పడిందని ఇంకొక సాక్షి. చివరి ఇద్దరూ నేనే.

కొబ్బరి దింపే మనిషిని ఎక్కి చూడమన్నాను. తీయమనలేదు, పక్కనున్న గెలలు దింపమన్నాను, అంతే. ముప్పయ్యేళ్ళుగా మా చెట్లెక్కుతున్నవాడు. కిందనే నిలబడి, “కాయలు దింపడం మా పనండి. అది కాయ కాదండి. దాన్ని ఎక్కించినవాళ్ళే దింపుకోవాలండి,” అన్నాడు.

“ఎక్కించలేదు, పడింది!”

“ఆయ్, పడిందండి. పడేసినవాళ్ళే దింపుకోవాలండి,” అని పక్క చెట్టెక్కాడు. అప్పటి నుంచీ ఆ చెట్టు కాయలు వాటంతట అవే రాలుతున్నాయి.

రెండేళ్ళు తిరక్కుండానే కంపెనీ షెడ్డు ఎత్తేసింది. వేరే రాష్ట్రంలో పెద్ద ఫ్యాక్టరీ పెట్టారని పేపర్లో వచ్చింది. షెడ్డులో ఇప్పుడు కొబ్బరి పీచు ఎండబెడుతున్నారు. నేను కొత్త అడ్రసు సంపాదించి ఉత్తరాలు రాశాను. ఒకసారి కవరొచ్చింది. అంతరిక్ష విజ్ఞానం మీద నాకున్న ఆసక్తికి సంతోషిస్తున్నామని అచ్చేసిన కాగితం, దాంతో శనిగ్రహం బొమ్మ ఉన్న స్టిక్కరు. దాన్ని నేను జవాబు కింద జమకట్టను. తరవాత ఊళ్ళోకి సెల్‌ఫోన్లు వచ్చాయి. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి గొంతు ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది. రాకెట్టు చెట్టు మీద పడితే ఎంత నొక్కాలో చెప్పలేదు. అమలాపురం ఇంటర్నెట్టు సెంటరుకి వెళ్ళి కూడా రాయించాను.

అక్కడే కంప్యూటరులో కంపెనీ చరిత్ర చూశాను. సెంటరు నడిపేవాడు చదివి తెలుగులో చెప్పాడు. తమ మొదటి రాకెట్టు ఎగిరిన రోజున సముద్రతీరంలోని ఒక రైతు, “చూశాను, బాగా వెళ్ళింది” అన్నాడట. పెద్ద అక్షరాలతో వేశారు. నేను పుట్టిన దగ్గర్నుంచీ లక్ష నిజాలు చెప్పి ఉంటాను, ఒక్కటీ అచ్చు కాలేదు. అతిథి మెతుకు దిగాలని ఆడిన ఒకే ఒక్క అబద్ధం ప్రపంచమంతా చదువుకునేలా వేశారు. నా మాట నా నోటిలోంచే తీసి నాకు ఎదురు నిలబెట్టారు. నాకు నష్టపరిహారం అక్కర్లేదు. ఆ మాట వెనక్కి కావాలి.

ఇప్పుడు తొందరేమిటంటే, చెట్టు వాలుతోంది. మొవ్వులో బరువు, పైగా ఏటా సముద్రపు గాలి. మా వైపు వాలితే నాకు బాధ లేదు. అది గట్టు దాటి మా బావమరిది తోట వైపు వాలుతోంది. చెట్టు నాది. నా చెట్టు మీది వస్తువు అతని నేలలో పడితే పద్ధతేమిటో పైన రాశాను. నేను అతని గుమ్మంలోకి వెళ్ళి, “మా రాకెట్టు మీ వైపు పడిందండి” అని అడగాలి. నా నోటితో నేను “మా” రాకెట్టు అనాలి. అది నేనే చేయించుకున్నానని అతను ఇన్నేళ్ళుగా అంటున్న మాటకి నేనే ఊ కొట్టినట్టవుతుంది. అడక్కపోతే, పద్ధతి తెలియని మనిషినని ఇంకో మచ్చ.

అతనికీ ఈ సంగతి తెలుసు. పోయిన నెల వెళ్ళి చూస్తే, అతని వైపు చెట్టు కింద ఎండుగడ్డి మెత్తగా పరిపించాడు. పడ్డ వస్తువు దెబ్బ తినకుండానట. పక్కన కుర్చీ కూడా వేయించాడు. సాయంత్రాలు అందులో కూర్చుని పైకి చూస్తుంటాడు, మెడలో ఆ కార్డు ఇంకా ఉంది.

“బాగా వాలిందండి బావగారూ,” అన్నాడు గట్టు అవతలి నుంచి ఎంతో మర్యాదగా. “మీరు అడగండి చాలు, నేను కాదంటానా?”

మా ఆవిడ రెండిళ్ళ మధ్యా తిరుగుతూ, “పోనీ మనమే మనుషుల్ని పెట్టి దింపించి లోపల పెట్టేద్దామండీ,” అంటుంది. ముట్టుకుంటే మాదైపోతుంది. చెట్టుకి ఇవతలి నుంచి రెండు మోకులు కట్టి కొయ్యలకి బిగించాను. వాటినే రోజూ చూసుకుంటున్నాను. వచ్చే గాలివాన దాకా ఆగుతాయి, ఆపైన చెప్పలేను.

కాబట్టి కంపెనీలో ఈ కాగితం ఎవరి చేతికి చిక్కితే వారినే అడుగుతున్నాను. పొడుగాటాయనా, మీరింకా ఉన్నారా? కార్డు మీద వానపాము గీత గీసినాయనా, మీరు ఎవరు? ఎవరో ఒకరు రండి. సఖినేటిపల్లి రేవులో దిగి, రాకెట్టున్న చెట్టెక్కడని అడిగితే పడలేదని చెబుతూనే దారి చూపిస్తారు. గుమ్మంలోకి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు పుచ్చుకుని, “మా రాకెట్టు మీ చెట్టు మీద పడిందండి” అనండి. “ఆయ్, తీసుకెళ్ళండి” అంటాను. ఆ తరవాతే ఆకు వేయిస్తాను. ఈసారి విస్తరి ముందు నన్ను ఏమీ అడగొద్దు. ముందు నేనడిగిన దానికి చెప్పండి. పడిందా, లేదా?